ఆరింటికి వస్తానన్నాడు

శుక్రవారం, 18 అక్టోబరు 2024. అడిస్ అబాబా, ఇథియోపియా రాజధాని.

వాషింగ్టన్ నుంచి ముంబైకి టికెట్ చౌకగా దొరికిందన్న సంబరంలో, మధ్యలో ఈ ఊళ్ళో పదిహేను గంటలు పడిగాపులు కాయాలన్న సంగతి పెద్దగా పట్టించుకోలేదు. ఉదయం ఏడున్నరకు దిగాను. మళ్ళీ విమానం రాత్రి 10.50కి. ఈ-వీసా ముందే తీసుకున్నాను కనుక ఊరు చూద్దామని బయల్దేరాను. నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. 2,300 మీటర్లకు పైన ఉన్న ఊరు మరి, మన ఊటీ కన్నా ఎత్తు.

టాక్సీ కుర్రాడు నేషనల్ మ్యూజియం దగ్గర దింపి, "ఆరింటికి వస్తాను" అన్నాడు.

"అంత ఆలస్యమైతే ఎలా? పన్నెండింటికి రా."

"పన్నెండంటే చీకటి పడుతుంది. మ్యూజియం మూసేస్తారు."

కాసేపు ఇలాగే బేరమాడుకున్నాం. అతనికి నా మీద జాలి, నాకు అతని మీద అనుమానం. చివరికి విసుగొచ్చి నడినెత్తి మీదికి వేలు చూపించాడు. మిట్టమధ్యాహ్నమట! ఇక్కడ గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మన ఏడు వీళ్ళకు ఒంటిగంట, మన పన్నెండు వీళ్ళకు ఆరు. రెండు జాముల పొద్దెక్కిందని మా నాయనమ్మ అనేది కూడా సరిగ్గా ఈ వేళనే. ఆవిడైతే అతనితో వాదన పెట్టుకునేది కాదు.

లోపల లూసీని చూశాను. 1974లో అఫార్ ప్రాంతంలోని హదార్‌లో దొరికిన, సుమారు 32 లక్షల ఏళ్ళ నాటి ఆదిమ మానవజాతి స్త్రీ ఎముకలు. అద్దాల వెనక ఉన్నది నకలే, అసలువి భద్రంగా దాచారు. మనిషి మూడున్నర అడుగులుంటుందేమో. ఒక బడిపిల్లాడు పక్కన నిలబడి తన తల ఎక్కడిదాకా వచ్చిందో చేత్తో కొలుచుకుంటున్నాడు. ఇక్కడివాళ్ళు ఆమెను దింకినేష్ అంటారు, 'నువ్వు అద్భుతం' అని. పేరు పెట్టడమంటే అలా ఉండాలి.

భోజనానికి వెళ్తే గోడమీద క్యాలెండరులో 2017 అని ఉంది. పాతదేమో అనుకున్నాను. కాదు, ఇక్కడ నడుస్తున్న ఏడాదే అది. వీళ్ళ సంవత్సరం మనకు ఏడెనిమిదేళ్ళు వెనక, నెలలేమో పదమూడు. ఇక గడియారంతోనూ క్యాలెండరుతోనూ పేచీ మానేసి పళ్ళెం మీద దృష్టి పెట్టాను.

శుక్రవారం రావడం నా అదృష్టం. బుధ, శుక్రవారాల్లో ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం. మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. కాబట్టి శాకాహారం అడగగానే పెద్ద పళ్ళెం నిండా ఇంజెరా అనే తెఫ్ పిండి అట్టు పరిచి, దాని మీద పప్పు, క్యాబేజీ, బీట్‌రూట్ కుప్పలు పెట్టి తెచ్చారు. తెఫ్ అనే గింజ ఆవగింజ కన్నా సన్నం. ఆ పిండిని రోజుల తరబడి పులియబెట్టి, తిరగేయకుండా ఒకవైపే కాలుస్తారు. పైనంతా చిల్లులు. వాటిని కళ్ళంటారట. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటే, వేసవిలో ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయిన దోశపిండి గుర్తొచ్చింది. మూడో ముక్కకు ఆ పులుపే కావాలనిపించింది. షిరో అన్నది అచ్చం మన బొంబాయి చట్నీ, కాకపోతే ఎర్రగా, మంటగా ఉంది. చివర్లో అలవాటు కొద్దీ పెరుగు అడిగాను. వడ్డించే అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "ఉపవాసం కదా!" అంది.

తర్వాత కాఫీ. గింజలు మన ఎదుటే వేయించి, ఆ పొగ ముక్కుకు తగిలేలా పెనం తిప్పుతారు. సాంబ్రాణి వాసన, పక్కన గిన్నెలో పాప్‌కార్న్. జెబెనా అనే మట్టి కూజాలోంచి మూడు విడతలు పోస్తారు: అబోల్, తోనా, బరకా. అదే పొడిలో మళ్ళీ నీళ్ళు పోసి మరిగిస్తారు కనుక మూడోది పలచన. మా ఇంట్లో ఆలస్యంగా లేచినవాళ్ళకు దక్కే డికాషన్ అలాగే ఉంటుంది. దీన్ని మాత్రం ఆశీర్వాదం అంటారు.

మూడు దాటాక టాక్సీ ఎక్కాను. విమానం ఎన్నింటికని కుర్రాడు అడిగాడు. ఉదయం జరిగింది మనసులో పెట్టుకుని, వేళ్ళమీద లెక్కవేసి, గర్వంగా "నాలుగు యాభై" అన్నాను. రాత్రి 10.50 వీళ్ళ లెక్కలో అంతే కదా.

అతని మొహం మారిపోయింది. సందుగొందుల్లోంచి కారు ఉరికించాడు. ఎదురొచ్చిన మినీబస్సులన్నిటినీ హారన్‌తో తిట్టాడు. బోలే విమానాశ్రయం దగ్గర నా సంచి తనే పట్టుకుని తలుపుదాకా పరుగెత్తాడు. పాపం, ఉదయం నుంచి అతను కూడా ఒకటి నేర్చుకున్నాడు: నేను ఏం చెప్పినా అది నా గడియారం లెక్కే అని.

ఇప్పుడు సాయంత్రం 3.50. బోర్డు మీద నా విమానం ఊసే లేదు.