అమ్మ మంచం దగ్గరికి వచ్చిన వీధి గుమ్మం

విజయనగరంలో కోటకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మా పాత ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమెకు 74 ఏళ్లు. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ శనివారం సాయంత్రాలు వెళ్లి వస్తుంటాను. మోకాళ్ల నొప్పులు ముదిరిన తరువాత, వెనక గదిలో మంచం మీది నుంచి లేచి, గోడ పట్టుకుని నడవ దాటి, వీధి తలుపు గడియ తీసే సరికి ఆమెకు మూడు నిమిషాలు పడుతోంది. ఈలోగా గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్లిపోయిన రోజులున్నాయి. అంతకంటే నన్ను బాధపెట్టిన సంగతి ఏమిటంటే, అంత కష్టపడి గుమ్మం దాకా వచ్చాక, వచ్చినది ఎవరో కనుక్కునే ఓపిక లేక అమ్మ తలుపు తీసేసేది. నగలకు మెరుగు పెడతామంటూ ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకు వచ్చేవారి గురించి పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ గడియ చప్పుడే గుర్తుకు వచ్చేది. అందుకే కిందటి మే నెలలో, గుమ్మంలో ఉన్నవారిని లోపలి తెర మీద చూసి మాట్లాడే వీడియో డోర్ ఫోన్ పెట్టించాను.

మొదట నేను చూసినవన్నీ సెల్‌ఫోన్‌తో మాత్రమే పనిచేసే వీడియో బెల్లులు. అవి బ్యాటరీతో నడుస్తాయి, వైరింగ్ అక్కరలేదు, గోడకు రెండు స్క్రూలు బిగిస్తే పని అయిపోతుంది. కానీ ఎవరైనా గంట నొక్కితే ఆ కబురు వైఫై మీదుగా ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఫోన్‌కు రావాలి. ఫోన్ చేతికి అందాలి, లాక్ తీయాలి, యాప్ తెరుచుకోవాలి. అమ్మ ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంటే ఆ బెల్లు ఉన్నా లేనట్టే. అందువల్ల బయట కెమెరా, లోపల 7 అంగుళాల తెర, రెండింటినీ కలుపుతూ వైరు ఉండే రకాన్ని ఎంచుకున్నాను. తెరకు వైఫై కూడా ఉండటం వల్ల నా ఫోన్‌కూ పిలుపు వస్తుంది. నెట్ ఆగిపోయినప్పుడు మాత్రం నాకు రాదు గానీ అమ్మకు బొమ్మా మాటా ఆగవు.

గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలి తెర మీద చూడటమనే ఆలోచన ఇలాంటి అవసరంలోంచే పుట్టింది. న్యూయార్క్‌లో నర్సుగా పనిచేసిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, వేళకాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉండవలసి రావడంతో, భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఇటువంటి ఏర్పాటుకు 1966లో పేటెంటు కోసం దరఖాస్తు చేసింది. 1969 డిసెంబరులో అది మంజూరైంది. తలుపుకు చూపు రంధ్రాలు, వాటి వెనక కదిలే కెమెరా, బయటివారితో మాట్లాడే మైకు అందులో ఉన్నాయి. తెరను మాత్రం ఆమె పడకగదిలో ఉంచుకోవచ్చునని అనుకుంది. ఈ సంగతి చదివాకే తెర ఎక్కడ పెట్టాలో నాకు తేలింది. అందరూ పెట్టించుకునే చోటు కాబట్టి ఎలక్ట్రీషియన్ హాల్లో టీవీ పక్కన గుర్తు పెట్టాడు. నేను అమ్మను మంచం మీద కూర్చుని చెయ్యి చాపమని, ఆమె చూపుడువేలు గోడకు తగిలిన చోట సుద్దముక్కతో గీత గీశాను. తెరను అక్కడే బిగించాం.

వైరింగ్‌లో ఒక ప్రమాదం కొద్దిలో తప్పింది. పాత కాలింగ్ బెల్ స్విచ్ ఉన్న చోటే కెమెరా పెట్టి, ఆ తీగలనే వాడేద్దామని ఎలక్ట్రీషియన్ అన్నాడు. మన ఇళ్లలో మామూలు కాలింగ్ బెల్‌కు వచ్చేది 230 వోల్టుల కరెంటు. మేము కొన్న కెమెరాకు కావలసింది 12 వోల్టుల డీసీ. ఆ తీగలను నేరుగా కలిపితే కెమెరా కాలిపోవడమే కాదు, గంట నొక్కే మనిషికీ ముప్పే. పెట్టెలో వచ్చిన కాగితం మీది బొమ్మ చూపించాక అతను ఒప్పుకుని, కొత్త కేబుల్‌ను వేరే పైపులో లాగాడు. అందులో నాలుగు తీగలు ఉంటాయి: కరెంటుకు ఒకటి, గ్రౌండుకు ఒకటి, బొమ్మకు ఒకటి, మాటకు ఒకటి. మెయిన్ కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చితే భద్రత సంగతి అటుంచి, మాటలో గుయ్యిమనే రొద చేరుతుంది. సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడ కావడంతో ఒక్క రంధ్రానికే గంట పట్టింది. ఎర్రటి ఇటుకపొడి అరుగంతా పరుచుకుంది. మంచం మీది నుంచే తెరుచుకునే ఎలక్ట్రిక్ తాళం కూడా పెట్టించమని సలహా ఇచ్చారు గానీ, రెండు రెక్కల పాత తలుపును దానికోసం కోయడం అమ్మకు ఇష్టం లేదు. వచ్చినది ఎవరో చూసి, కాసేపు ఆగమని చెప్పగలిగితే చాలునని ఆమె అంది. ఆ మాట నిజమే. జవాబు వినిపిస్తే మూడు నిమిషాలు ఎవరైనా ఆగుతారు.

కెమెరాను నాలుగున్నర అడుగుల ఎత్తులో పెట్టాం. అసలు పని ఆ తరువాతే మొదలైంది. మాది పడమటి ముఖం ఇల్లు కావడం వల్ల, సాయంత్రం నాలుగు దాటితే వచ్చినవారి వెనక నుంచి ఎండ సూటిగా కెమెరాలో పడి, ముఖం ఉండవలసిన చోట నల్లటి నీడ కనిపించేది. వెలుగునీడల తేడాను సర్దే సెట్టింగును ఆన్ చేస్తే కొంత మెరుగైంది. కెమెరా వెనక ఏటవాలు ప్లేటు వేసి దక్షిణానికి కాస్త తిప్పి, పైన చిన్న రేకు కట్టించాక ముఖాలు తెలిశాయి. రాత్రి మరో చిక్కు వచ్చింది. చీకట్లో ఈ కెమెరా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును చిమ్ముతుంది. ఆ వెలుగు పక్కనే ఉన్న తెల్ల సున్నం స్తంభానికి తగిలి వెనక్కి కొట్టడంతో స్తంభం తెల్లగా మెరిసిపోయి మనిషి మసకగా మిగిలేవాడు. స్తంభానికి ఆ వైపు ముదురు రంగు వేయిస్తే సరిపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను నాడు అరుగు మీదికి అడ్డంగా కొట్టిన వాన నాకు బాగా గుర్తుంది కనుక, కెమెరా చుట్టూ పైనా పక్కలా సిలికాన్ పట్టించాను. లోపల చేరిన చెమ్మ బయటికి పోవడానికి కింది అంచును మాత్రం వదిలేయాలి.

నెట్ సంగతి త్వరగానే తేలింది. ఈ తెర 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి రూటర్‌లో దానికి విడిగా ఒక పేరు పెట్టి, రూటర్‌ను ముందు గదిలోంచి నడవలోకి మార్చాను. కరెంటు పోయినప్పుడు రూటర్‌కూ తెరకూ చెరొక 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంది.

మొదటి రోజే తెర మీద ఎదురింటి వసారా సగం కనిపించింది. ఆ ఇంటి పిన్నిగారు మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని బియ్యం ఏరుకుంటారు. సెట్టింగుల్లో ఆ భాగాన్ని నల్లగా కప్పేసి, ఫోన్ తీసుకువెళ్లి ఆవిడకు చూపించి వచ్చాను. కెమెరా పెట్టుకున్న ప్రతివారూ ఈ పని చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ముందే వచ్చే పాస్‌వర్డును మార్చడం, తమ్ముడికి నా పాస్‌వర్డు ఇవ్వకుండా వాడి పేరుతోనే యాప్‌లో చోటు కల్పించడం కూడా ఆనాడే చేశాను.

అమ్మకు అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది. మాట్లాడే బొత్తాం మీద ఆమె బొట్టుబిళ్ల అంటించుకుంది. కూరగాయల ఆవిడ మొదటిసారి ఆ గొంతు విని అటూ ఇటూ చూసి, "మాట ఇనిపిస్తంది గానీ మనిషి అగుపడ్నేదేటమ్మా?" అని అడిగిందట. "అరుగు మీద కూర్చో తల్లీ, వస్తున్నాను" అని చెప్పి, అమ్మ తొందరపడకుండా నడిచి వెళ్లిందట.

జూన్‌లో ఒక మంగళవారం అమ్మ ఆటోలో పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్లి వచ్చింది. గుమ్మంలో కదలిక కనబడితే నా ఫోన్‌కు కబురు వచ్చేలా పెట్టుకున్నాను కనుక, రాత్రి మాట్లాడుతూ "గుడిలో ఆలస్యమైనట్టుందే" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నువ్వు చూస్తున్నావా?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. ఆమె క్షేమం కోసం పెట్టిన వస్తువు ఆమె రాకపోకలను నాకు లెక్క చెబుతోందని అప్పటిదాకా నాకు తోచనే లేదు. ఆ రాత్రే కదలిక కబుర్లు ఆపేశాను. ఇప్పుడు ఎవరైనా గంట నొక్కి, అమ్మ అర నిమిషంలోగా జవాబు ఇవ్వకపోతేనే నాకు పిలుపు వస్తుంది. మెమరీ కార్డు మీద రికార్డు అయ్యేది కూడా గంట నొక్కినప్పుడే. దసరా తరువాతి మంగళవారం అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలంతా దిగినప్పుడు తలుపులు పొద్దుటి నుంచి బార్లా తెరిచే ఉన్నాయి కాబట్టి ఆ రోజు రికార్డు ఒక్కటీ లేదు.

డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం వెళ్లి, తాళంచెవి నా దగ్గర ఉన్నా గంట నొక్కాను. "కాస్త పక్కకు జరుగు నాయనా, ఎండలో నీ ముఖం కనబడటం లేదు" అని అమ్మ గొంతు వినిపించింది. మేలో వాయవ్యం వైపు దిగే సూర్యుడు చలికాలంలో నైరుతికి జరుగుతాడన్న సంగతి కెమెరాను దక్షిణానికి తిప్పిన నాడు నేను ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే స్క్రూలు ఊడదీసి ప్లేటును ఉత్తరం వైపుకు తిప్పి బిగిస్తుంటే, అమ్మ మంచం మీది నుంచి తెర చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు అని చెప్పింది.