ఎస్ఎం ఆన్సరూ, మామయ్య కొట్లో ఫ్రిజ్జూ

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఇంటర్ గ్రూప్ 2 చదివేవాళ్లు ఎస్ఎంని, అంటే వ్యాపార వ్యూహాల గురించి చెప్పే స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్‌ని, ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. నేనూ అలాగే చూశాను. కాస్టింగ్‌కి మూడు నెలలు, ఆడిట్‌కి రెండు, ఎఫ్ఎంకి (ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్) ఇంకో నెలన్నర, ఎస్ఎంకి ఆఖరి నాలుగు రోజులు. థియరీయే కదా, కథలా చదివేద్దాంలే అని ధీమా. తీరా చూస్తే పేపర్ 6లో ఎఫ్ఎంకి ఎన్ని మార్కులో ఎస్ఎంకీ అన్నే, చెరో 50. జనవరి అటెంప్ట్‌లో ఆ పేపర్‌కి నాకు 36 వచ్చాయి. 40 రాకపోతే గ్రూపంతా పోయినట్టే కదా, పోయింది.

ఆన్సర్ షీట్ కాపీ తెప్పించుకుని చూశాను. ఫెయిలైనవాళ్లెవరైనా సిగ్గుపడకుండా ముందు చెయ్యాల్సిన పని ఇదే. పోర్టర్ ఫైవ్ ఫోర్సెస్ (ఒక వ్యాపారంలో పోటీని నిర్ణయించే అయిదు శక్తులు: ఉన్న పోటీదారులు, కొత్తగా దిగేవాళ్లు, సబ్‌స్టిట్యూట్లు, కొనేవాళ్లు, సరుకిచ్చేవాళ్లు) మీద 5 మార్కుల ప్రశ్న ఉంది. కూల్ డ్రింకుల వ్యాపారంలోకి దిగాలనుకుంటున్న ఒక కంపెనీ కథ ఇచ్చి, అక్కడ పోటీ ఎలా ఉందో విశ్లేషించమన్నారు. నేను అయిదు హెడ్డింగులు పెట్టి, స్కేలుతో గీతలు కొట్టి, ఒక్కోదాని కింద మెటీరియల్లో ఉన్న డెఫినిషన్ పొల్లుపోకుండా దించేశాను. ప్రశ్నలో ఇచ్చిన కంపెనీ పేరు నా జవాబులో ఒక్కచోట కూడా లేదు. అదే ఆన్సర్ సిమెంటు కంపెనీ గురించి అడిగినా సరిపోయేది. ఒకటిన్నర మార్కు వేశారు. అదైనా దేనికి వేశారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఆ వేసవిలో రామచంద్రపురం దగ్గర మా మామయ్యగారి ఊరెళ్లాను. ఆయనకి కిరాణా కొట్టుంది. మధ్యాహ్నాలు ఆయన అన్నం తిని కునుకు తీసేదాకా గల్లాపెట్టె దగ్గర నేను కూర్చునేదాన్ని, ఒళ్లో ఎస్ఎం పుస్తకం పెట్టుకుని. కొట్లో అద్దం తలుపు ఫ్రిజ్ ఒకటుంది, ఒక పెద్ద కూల్ డ్రింకుల కంపెనీ ఇచ్చింది. మామయ్య అందులో కింది అరలో రెండు వరసలు వేరే కంపెనీ పది రూపాయల సీసాలు పెట్టాడు. ఒకరోజు ఆ పెద్ద కంపెనీ సేల్స్ కుర్రాడు ఆర్డర్ రాసుకోవడానికి వచ్చి, తలుపు తీసి, ఆ సీసాలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. "ఫ్రిజ్ మాదండీ, ఇందులో మా సరుకే ఉండాలి" అన్నాడు, మర్యాదగానే. మామయ్య ఏమీ అనలేదు. బండి మలుపు తిరిగాక మళ్లీ లోపల పెట్టేశాడు.

"బయటుంటే ఏమవుతుంది మామయ్యా?" అని అడిగాను.

"ఈ ఎండల్లో చల్లగా లేని సీసా ఎవడు కొంటాడమ్మాయ్?"

ఎంట్రీ బారియర్ (కొత్తవాళ్లని వ్యాపారంలోకి రానివ్వని అడ్డంకి) అంటే ఏమిటో నాకు ఆరోజు అర్థమైంది. తీపి నీళ్లలో గ్యాసు నింపడం బ్రహ్మవిద్యేం కాదు, అది ఏ ఊళ్లోనైనా చేస్తారు. కష్టమల్లా ఆ సీసాని లక్షల కొట్లకి చేర్చడం, చేరాక చల్లగా ఉంచడం. నా ఆన్సర్‌లో "క్యాపిటల్ రిక్వైర్‌మెంట్స్" అని రాసి వదిలేశాను. ఆ క్యాపిటల్లో కొంత ఇలాంటి ఫ్రిజ్‌ల రూపంలో ఊరూరా నిలబడి ఉంటుందని నాకు తట్టలేదు.

అక్కణ్ణుంచి ఒక నిర్ణయం తీసుకున్నాను. పది పరిశ్రమలు పైపైన చూసే బదులు ఒక్క కూల్ డ్రింకులనే పట్టుకుని, ఎస్ఎంలో ఉన్న ప్రతి కాన్సెప్టునీ దానిమీద రుద్ది చూడాలని. మన దేశంలో ఈ కథ మహా రంజుగా ఉంటుంది. ఫెరా (విదేశీ మారకద్రవ్య నియంత్రణ) చట్టం కింద విదేశీ వాటా తగ్గించుకోవాల్సి వచ్చి, 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్లిపోయింది. ఆ ఖాళీలో పార్లే వాళ్ల థమ్స్ అప్ పుట్టింది, ప్యూర్ డ్రింక్స్ వాళ్ల కాంపా కోలా పెరిగింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి పార్లే దగ్గర థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా బ్రాండ్లు కొనేసింది. పోటీదారుణ్ణే కొనెయ్యడమంటే హారిజాంటల్ ఇంటిగ్రేషన్. బ్రాండ్లతో పాటు పార్లే బాట్లర్ల (డ్రింకుని సీసాల్లో నింపి పంచేవాళ్ల) నెట్‌వర్కూ చేతికొచ్చింది, అంటే మామయ్య కొట్టుదాకా దారి దొరికింది. మన తెలుగువాళ్లు మాత్రం కోక్ వచ్చినా థమ్స్ అప్‌ని వదల్లేదు. చిరంజీవి నుంచి మహేష్ బాబు దాకా దాని యాడ్స్‌లో కనపడ్డది ఊరికే కాదు. అది డిఫరెన్షియేషన్‌కి (మిగతావాటికంటే వేరుగా నిలబడటానికి) ఉదాహరణగా రాసుకున్నాను.

ఇక 2022లో రిలయన్స్ వాళ్లు కాంపా కోలాని కొని, 2023 మార్చిలో మళ్లీ మార్కెట్లోకి దించారు, 200 ఎంఎల్ సీసా పది రూపాయలకి. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది, మా స్టడీ గ్రూపులో నలుగురం నలుగురమూ చేశాం. తక్కువ ధరకి అమ్ముతున్నారు కాబట్టి "కాస్ట్ లీడర్‌షిప్" అని రాసేశాం. ధర తక్కువ పెట్టడం వేరు, తయారీ నుంచి రవాణా దాకా ఖర్చు అందరికంటే తక్కువ చేసుకోవడం వేరు. జేబు పెద్దదైతే కొన్నాళ్లు లాభం వదులుకుని కూడా చౌకగా అమ్మొచ్చు, దాన్ని పెనెట్రేషన్ ప్రైసింగ్ అంటారు. కేసులో ఖర్చు గురించి ఒక్క వాక్యమైనా ఉంటేనే కాస్ట్ లీడర్‌షిప్ అని రాయండి. అన్నట్టు, సొంత రిటైల్ షాపులున్న కంపెనీకి ఫ్రిజ్ గొడవ కొంతైనా తప్పుతుంది, ఇది కూడా ఆన్సర్‌లో పనికొచ్చే పాయింటే.

సబ్‌స్టిట్యూట్స్ దగ్గర ఇంకో గుంట ఉంది. థమ్స్ అప్‌కి పెప్సీ సబ్‌స్టిట్యూట్ అని రాస్తే మార్కు పోయినట్టే, అది రైవల్రీ కిందికి వస్తుంది. దాహం తీర్చే వేరే దారులన్నీ సబ్‌స్టిట్యూట్లు: మజ్జిగ, కొబ్బరిబోండం, చెరుకురసం, చివరికి కుండలో నీళ్లు. అలాగే బయ్యర్ అనగానే సీసా ఎత్తి తాగేవాణ్ణే ఊహించుకోకండి. కంపెనీ దగ్గర కొనేది డిస్ట్రిబ్యూటరు, కొట్టువాడు. మామయ్య ఒక్కడికీ బేరమాడే బలం లేదు, సూపర్ మార్కెట్ చెయిన్‌కి ఉంది. బయ్యర్ పవర్ ఎక్కువా తక్కువా అని అడిగితే "ఏ బయ్యర్?" అని ముందు మనల్ని మనం అడగాలి. సప్లయర్ల దగ్గర నేనంతగా ఆగలేదు, చక్కెరా ప్లాస్టిక్ సీసాలూ ఎవరి దగ్గరైనా దొరుకుతాయి.

మా గోదావరి జిల్లాల వాళ్లకి ఆర్టోస్ గురించి చెప్పక్కర్లేదు. రామచంద్రపురంలో పుట్టిన డ్రింకు, చిన్నప్పుడు పెళ్లిళ్లలో అదే తాగేవాళ్లం. దేశమంతా తిరగకుండా తన నాలుగు ఊళ్ల అభిమానాన్ని పట్టుకుని నిలబడటమే ఫోకస్ స్ట్రాటజీ. ఈ ఒక్క ఉదాహరణతో ఆ కాన్సెప్టు మళ్లీ మర్చిపోలేదు. పెస్టల్‌కి (రాజకీయ, ఆర్థిక, సామాజిక, సాంకేతిక, చట్ట, పర్యావరణ పరిస్థితుల విశ్లేషణకి) జీఎస్టీ పనికొచ్చింది: గ్యాసు డ్రింకుల మీద 28 శాతం, దానిపైన 12 శాతం సెస్ ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్ తీసేసి నేరుగా 40 శాతం చేశారు. మొత్తం భారం మారలేదు కాబట్టి "పన్ను పెరిగింది" అని రాయకూడదు.

ప్రాక్టీసు సంగతి. పాత ప్రశ్న తీసుకుని, కేసులో ఉన్న ఒక్కో వాక్యం పక్కన అది ఏ ఫోర్స్ కిందికి వస్తుందో పెన్సిల్‌తో రాసేదాన్ని. ఆన్సర్‌లో కాన్సెప్టు ఒక్క లైను, కేసులోంచి ఆధారం రెండు లైన్లు, "అందువల్ల కంపెనీ ఏం చెయ్యాలి" ఒక లైను. రోజుకి ఒక్క ప్రశ్నే, కానీ చేత్తో రాసి. కథ ఇచ్చి సరైన జవాబు ఎంచుకోమనే కేస్ సినారియో ఎంసీక్యూలకి కూడా ఈ పెన్సిల్ అలవాటే పనిచేసింది. సెప్టెంబర్‌లో అదే పేపర్‌కి 61 వచ్చాయి. బీసీజీ మ్యాట్రిక్స్ (కంపెనీ వ్యాపారాల్ని నాలుగు గళ్లలో సర్దే పటం) మాత్రం అప్పుడూ తప్పే రాశాను, మార్కెట్ షేరూ గ్రోత్ రేటూ అక్షాలు తారుమారు చేసి.

ఈసారి కూల్ డ్రింకు కొనడానికి వెళ్లినప్పుడు కొట్టువాణ్ణి మూడు ప్రశ్నలడగండి: ఫ్రిజ్ ఎవరిచ్చారు, సరుకు అప్పుగా ఇస్తారా, సీసాకి మీకెంత మిగులుతుంది. మొదటి రెండింటికీ జవాబు వస్తుంది. మూడోది మా మామయ్య నాకే చెప్పలేదు.