పాత స్నోమొబైల్ లైట్ల రిపేరు: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందంటే

మంచు మీద నడిచే ఈ బండి రెండు స్ట్రోకులది, తాడు లాగి స్టార్ట్ చేసేది, బ్యాటరీ లేదు. ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. గొడవంతా లైట్లతోనే. ఐడిల్‌లో హెడ్‌లైటు పసుపుగా మసకగా వెలుగుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే తెల్లగా భగ్గుమని బల్బు పోతుంది. దాని వెనకే టెయిల్ ల్యాంపు బల్బు కూడా. హ్యాండిల్ గ్రిప్ హీటర్లలో ఒకటే వేడెక్కుతోంది.

ఇలాంటి బండిలో కరెంటు ఎలా నడుస్తుందో ముందు తెలుసుకుంటే సగం పని తగ్గుతుంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తిరుగుతుంటే, కదలకుండా ఉండే స్టేటర్ కాయిల్స్‌లో (తీగ చుట్లలో) ఏసీ కరెంటు పుడుతుంది. చాలా బళ్లలో స్పార్క్‌కి ఒక కాయిల్, లైట్లకి వేరే కాయిల్ ఉంటాయి. అందుకే లైట్లన్నీ చచ్చిపోయినా ఇంజన్ హాయిగా తిరుగుతుంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ లైటింగ్ కాయిల్ వోల్టేజి కూడా పెరుగుతూ పోతుంది. దాన్ని 13, 14 వోల్టుల దగ్గర ఆపేది రెగ్యులేటర్. అది మిగులు కరెంటును ఎర్త్‌లోకి, అంటే బండి లోహపు బాడీలోకి, పారబోస్తుంది, చెరువు నిండితే నీళ్లు వదిలే అలుగులాగ. కాబట్టి రెగ్యులేటర్ బాగున్నా దాని ఎర్త్ బాగోలేకపోతే రెగ్యులేటర్ లేనట్టే. పైగా హెడ్‌లైటు మాడిపోగానే లోడు పడిపోయి వోల్టేజి ఇంకా ఎగబాకుతుంది. టెయిల్ బల్బు వెంటనే పోయేది అందుకే.

కొలతలకు ముందు వెనక భాగాన్ని గట్టి స్టాండు మీద ఎత్తి, ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా) నేలకు తగలకుండా పెట్టాను. బెల్ట్ గార్డు తీయలేదు, బండి వెనక ఎవరినీ నిలబడనివ్వలేదు, షెడ్డు తలుపులు బార్లా తీశాను. పొగ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు.

మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టాలి. డీసీ మీద పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది, అది చూసి స్టేటర్ పోయిందని నిర్ధారించేవాళ్లు చాలామంది. బల్బు తగిలించే ఉంచి, హెడ్‌లైటు ప్లగ్ వెనకనుంచి మీటరు పిన్నులు దూర్చాను. చాలా మోడళ్లలో పసుపు వైరు లైటింగ్‌ది, గోధుమ రంగుది ఎర్త్. అయినా మీ బండి వైరింగ్ బొమ్మ చూసుకున్నాకే నమ్మండి. ఐడిల్‌లో 9 చిల్లర వచ్చింది. కొంచెం నొక్కగానే 17 దాటి ఇంకా పైకే పోతోంది. అక్కడే ఆపేశాను. అంటే కాయిల్ భేషుగ్గా ఉంది, అడ్డుకునేవాడే లేడు. ఇంజన్ ఆపాక కాయిల్ రెసిస్టెన్స్ కూడా చూశాను, ఒక ఓమ్ కన్నా తక్కువే. ఇంత చిన్న విలువ కొలిచేటప్పుడు ముందు మీటరు పిన్నులు రెండూ కలిపి, అప్పుడు వచ్చే అంకెను తీసివేయాలి.

ఈ పనిలో అసలు తమాషా ఎర్త్ దగ్గరే. రెగ్యులేటర్ బాడీకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య కంటిన్యుటీ (కరెంటుకు దారి ఉందా లేదా అనే పరీక్ష) పెడితే మీటరు బీప్ అని అరిచింది. అంతా బాగుందనిపిస్తుంది. కానీ మీటరు పంపేది చీమంత కరెంటు, దానికి ఒక సన్నని దారి చాలు. అదే రెండు చోట్లా పిన్నులు పెట్టి, ఇంజన్ నడుపుతూ ఏసీ వోల్టులు చూస్తే 3 దాటింది. మంచి ఎర్త్ అయితే అక్కడ దాదాపు సున్నా రావాలి. బోల్టు విప్పితే రెగ్యులేటర్ అడుగున సున్నంలాంటి తెల్లటి పొడి, దాని కింద బ్రాకెట్ మీద పెయింటు. అల్యూమినియం తుప్పు అలాగే ఉంటుంది. ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, బాడీ నుంచి ఇంజన్ బ్లాకుకు విడిగా ఒక లావుపాటి వైరు కూడా వేశాను. ఇప్పుడు ఎంత నొక్కినా 13.6 దగ్గర ఆగిపోతోంది. ఐడిల్‌లో కాస్త మసక మాత్రం అలాగే ఉంది, బ్యాటరీ లేని బండికి అది సహజం.

మీకు దీనికి తలకిందులుగా, ఎంత రేస్ చేసినా లైట్లు మసకగానే ఉంటే, ఇంజన్ ఆపి రెగ్యులేటర్ ప్లగ్ ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేసి ఐడిల్‌లో మాత్రమే చూడండి. వోల్టేజి ఒక్కసారిగా లేస్తే రెగ్యులేటర్ లోపల షార్ట్ అయినట్టు. ఆ సమయంలో యాక్సిలరేటర్ జోలికి పోవద్దు, మిగిలిన బల్బులన్నీ పోతాయి.

బల్బులు నిలబడ్డాక ఇంకోటి బయటపడింది. హ్యాండిల్ ఎడమకు తిప్పితే అన్ని లైట్లూ ఒకేసారి డల్ అవుతున్నాయి. అన్నీ కలిసి పడిపోతున్నాయంటే ఎక్కడో పసుపు వైరు బాడీకి తగులుతోందన్నమాట. గ్రిప్ హీటర్ల ప్లగ్ తీసేయగానే రోగం మాయం. స్టీరింగ్ రాడ్డు దగ్గర టై బిగించిన చోట వైరు తొడుగు అరిగి రాగి పోగులు కనిపిస్తున్నాయి. ఆ ముక్క మార్చి, మలుపులో కాస్త వదులు ఉంచి, స్లీవ్ తొడిగాను. రెండు గ్రిప్పుల రెసిస్టెన్స్ పోల్చి చూస్తే ఒకటి ఓపెన్. లోపలి తీగే తెగింది కాబట్టి గ్రిప్ హీటర్ మార్చడం తప్ప దారి లేదు.

టెయిల్ ల్యాంపుది ఇంకో కథ. బ్రేకు నొక్కితే వెలుగు పెరగాల్సింది పోయి, ఉన్నది కూడా తగ్గింది. ఆ బల్బులో టెయిల్‌కి ఒకటి, బ్రేకుకి ఒకటి ఉండే రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ ఒకటే. అది బలహీనమైతే జరిగేది ఇదే. సీటు కింద ఆ ఎర్త్ వైరు పైకి బాగానే ఉంది కానీ వేళ్లతో వంచుతూ పోతే ఒకచోట మెత్తగా తగిలింది. కోసి చూస్తే లోపల రెండు మూడు పోగులే మిగిలాయి. అతుకులకు నేను టంకం వాడను. వణుకు ఎక్కువ ఉండే బండిలో టంకం వేసిన చోటు పక్కనే వైరు విరుగుతుంది. మంచి క్రింపు (వైర్లను నొక్కి బిగించే లోహపు గొట్టం), పైన జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే తొడుగు) వేస్తే తేమ కూడా లోపలికి రాదు.

ఎల్‌ఈడీ పెట్టేయమన్నారు కొందరు. నాకు మనసొప్పలేదు. ఏసీ మీద నేరుగా పెడితే అది మినుకుతుంది, అది ఆగాలంటే ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ అదనం. లోడు తగ్గితే రెగ్యులేటర్ పారబోయాల్సిన కరెంటు పెరుగుతుంది. లెన్స్ మీద పడిన మంచు కరగడానికి హాలోజెన్ వేడే దిక్కు. మళ్లీ 60/55 వాట్ల బల్బే వేశాను, గాజుకు వేళ్లు తగలకుండా.

ఇంకా మిగిలింది డిప్పర్ స్విచ్. లో బీమ్ మీద ఉన్నప్పుడు దాని దగ్గర ఒక వోల్టు పైగా పోతోంది, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూస్తాను, తగ్గకపోతే స్విచ్ మార్చడమే. స్పీడోమీటర్ బల్బు కూడా వెలగడం లేదు, దాని జోలికి ఇంకా వెళ్లలేదు.