పొద్దుతిరుగుడు పువ్వు లెక్క

ఈరోజు సెలవు కావడంతో మధ్యాహ్నమంతా ఎండిన పొద్దుతిరుగుడు పువ్వును ముందు పెట్టుకుని గింజల వరుసలు లెక్కపెడుతూ గడిపాను. వేలితో లెక్కిస్తే ఎక్కడ మొదలుపెట్టామో కాసేపటికే గుర్తుండదు కనుక, ఒక్కో సుడికీ అంచున స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుంటూ పోయాను. కుడివైపు తిరిగే సుడులు 34, ఎడమవైపువి 55 తేలాయి. నడిమికి జరిగేకొద్దీ ఆ 55 వరుసలు పోల్చుకోవడానికి వీల్లేకుండా చెదిరి, అదే వైపు తిరిగే 21 సుడులు కంటికి ఆనసాగాయి.

21, 34, 55 మూడూ వరుసగా ఫిబొనాచీ శ్రేణిలోవే, అంటే ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తంగా వచ్చే వరుసలోవే. ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ 1202లో కుందేళ్ల లెక్కతో చెప్పిన ఈ శ్రేణిని, అంతకుముందే మన ఛందస్సు పండితులు విరహాంకుడూ హేమచంద్రుడూ లఘుగురువుల కూర్పులను లెక్కిస్తూ చేరుకున్నారు.

అయితే మొక్కకు కూడికలు రావు. లేత మొగ్గలో ప్రతి కొత్త గింజకూ, ముందు పుట్టినవాటికి వీలైనంత ఎడంగా చోటు ఏర్పడుతుంది. అలా ఒకదానికీ తర్వాతిదానికీ మధ్య కోణం సుమారు 137.5 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. సాయంత్రం కోణమానినితో కాగితం మీద చుక్కలు పెట్టి చూశాను. 90 డిగ్రీల చొప్పున పెడితే నాలుగేసి చుక్కలకోసారి మళ్లీ మొదటి చుక్క ఉన్న దిక్కుకే వచ్చి, నాలుగు గీతలు మిగిలి, తక్కిన జాగా అంతా వృథా అయింది. 137.5 చొప్పున పెట్టినప్పుడు మాత్రం ఏ రెండు చుక్కలూ ఒకే దిక్కున పడలేదు. 1992లో దువాడీ, కూడే అనే భౌతిక శాస్త్రవేత్తలు ఒకదాన్నొకటి వికర్షించుకునే అయస్కాంత ద్రవపు చుక్కలతో, ప్రాణమన్నది లేకుండానే ఇవే సుడులను రప్పించారు.

ఫిబొనాచీ పేరు చెప్పి కనిపించిన ప్రతిదానికీ స్వర్ణ నిష్పత్తిని (ఈ శ్రేణిలో పక్కపక్క సంఖ్యల నిష్పత్తి చేరువయ్యే సుమారు 1.618ని) అంటగట్టేవారంటే నాకు చిరాకు. నాటిలస్ అనే సముద్రజీవి గుల్ల ఒక చుట్టుకు దాదాపు మూడు రెట్లే పెరుగుతుంది. పావు చుట్టుకోసారి ఆ నిష్పత్తిలో పెరిగే స్వర్ణ సర్పిలమైతే చుట్టుకు దాదాపు ఏడు రెట్లు పెరగాలి. పొద్దుతిరుగుడులోనూ కొన్ని పువ్వులు 47, 76 చూపిస్తాయి. అవి 1, 3, 4, 7, 11 అంటూ సాగే లూకాస్ శ్రేణిలోవి. కూడిక పద్ధతి అదే, మొదలు మాత్రం వేరు. తొలి గింజలు సర్దుకున్న తీరు కాస్త మారితే ఆ శ్రేణి రావడానికి వీలుంది కనుక, ఇలాంటి పువ్వుల వల్ల చోటు వెతుక్కునే వివరణ మీద నాకు నమ్మకం పెరిగిందే తప్ప తగ్గలేదు.