విత్తనం చేప

"వదిలెయ్యి అమ్మా, ఇది విత్తనం చేప" అంది మా తొమ్మిదేళ్ళ పిల్ల, ఏప్రిల్ ఆఖరి శనివారం అమెరికాలో, న్యూజెర్సీలోని లాంబర్ట్‌విల్‌లో డెలావేర్ నది ఒడ్డున నిలబడి. నా చేతిలో ఉన్నది షాడ్ చేప, ఆడది, కడుపు నిండా జన, అంటే గుడ్లు, నాలుగు పౌండ్లకి తక్కువుండదు. మూడు వారాలుగా ఖాళీ కూలర్‌తో ఇంటికొస్తున్నదాన్ని, ఎలా వదలను చెప్పండి?

షాడ్ అంటే మన పులసకి దగ్గరి చుట్టమే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది, అవే వెండి పొలుసులు, లెక్కలేనన్ని సన్న ముళ్ళు. పులస జూలై, ఆగస్టుల్లో గోదారి ఎర్రనీళ్ళకి వస్తే ఇది ఇక్కడ చెట్లు చిగురించే వేళకి వస్తుంది. నేను కోనసీమలో పుట్టినదాన్ని, చేపలు పట్టే లైసెన్స్ తీసుకున్నదే దీనికోసం. గాలానికి పడిందంటే ఆ సాయంత్రానికి పులుసు ఉడకాల్సిందే అని నా లెక్క.

మా పిల్ల ఆ విత్తనం మాట ఎక్కడ నేర్చిందో నాకు తెలుసు. ప్రతి ఏడాదీ బీర పందిరి మీద ఒక కాయ ముదరడానికి వదిలేస్తాను, ఎవరు చెయ్యి వేసినా కేకలేస్తాను, అది విత్తనానికి అని. మార్చిలో బేస్‌మెంట్‌లో లైటు కింద ట్రేల్లో మేమిద్దరం నాటింది ఆ కాయ గింజలే. పైగా ఆ రోజు కారులో వెళ్తూ కథంతా చెప్పింది కూడా నేనే, ఒకప్పుడు ఫిలడెల్ఫియా దగ్గర మురుగుకి నీళ్ళలో ఆక్సిజన్ లేక ఈ చేపలు పైకి రాలేకపోయేవని, 1972లో వచ్చిన క్లీన్ వాటర్ చట్టం తర్వాత నది బాగుపడ్డాక మళ్ళీ వచ్చాయని, డెలావేర్ మెయిన్ నదికి ఎక్కడా డ్యామ్ లేదని, మన పులసకి మాత్రం 1852 నుంచీ ధవళేశ్వరం ఆనకట్ట అడ్డమని. అన్నీ చెప్పి చివరికి జన ఉన్న చేపని కూలర్‌లో పెట్టబోయాను. పిల్ల నాతో వాదించలేదు, కూలర్ మూత మీద కూర్చుంది, అంతే.

వదిలాను. తల ఎదురునీటి వైపు పెట్టి పట్టుకుంటే కాసేపటికి తోక ఒక్కసారి విదిల్చి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చే నలభై నిమిషాలూ నేను దానితో మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల మీద అలిగాను, రాయడానికే సిగ్గుగా ఉంది.

ఇంకోటి కూడా చెప్పాలి. సోమవారం బంగ్లాదేశీ షాపుకి వెళ్ళి ఫ్రోజెన్ ఇలిస, అంటే పులస జాతి చేపే, తెచ్చాను, పిల్ల స్కూల్లో ఉండగా బెండకాయలు వేసి, చివర ఆవకాయ నూనె పోసి పులుసు పెట్టాను. సాయంత్రం వచ్చి వాసన చూసి కూర్చుంది, ముళ్ళు తీసి పెడితే రెండుసార్లు అన్నం కలుపుకుంది. "ఇందులో ఎగ్స్ ఉన్నాయా అమ్మా?" అని అడిగితే లేవన్నాను. ఆ జన మధ్యాహ్నమే నేను తినేశాను.

పిల్లల్ని నది దగ్గరికి తీసుకెళ్ళండి, మట్టిలో చేతులు పెట్టనివ్వండి, భాష దానంతటదే వస్తుంది అని రాద్దామనుకున్నా అసలు. పొలుసు, మొప్ప, నారు, పాదు, ఇవేవీ ఆదివారం తెలుగు క్లాసులో రాలేదు, ఇక్కడే వచ్చాయి, అది నిజం. కానీ మాటతో పాటు రుచి కూడా వస్తుందనుకున్నాను, నాకు అలాగే వచ్చింది కాబట్టి. మా నాన్న పులస తెచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కూడా కాదు, జన ముక్క ఎవరి కంచంలో పడుతుందా అని చూస్తూ కూర్చునేవాళ్ళం. మా పిల్ల విత్తనం అనే మాటని నాకంటే గట్టిగా పట్టుకుంది, ఆ ముక్క మీద ఆశ మాత్రం దానికి లేదు. సంతోషించాలో బాధపడాలో ఈ రోజుకీ తేలడం లేదు, దాన్ని నాలా చేద్దామనుకున్నానా, తెలుగుదాన్ని చేద్దామనుకున్నానా, రెండూ ఒకటేనని నేనెందుకు అనుకున్నానో కూడా.

మదర్స్ డే దాటింది, మంచు భయం పోయింది, నిన్న బీర నారు బయట నాటాం. మా పిల్ల అన్నిటికంటే బలంగా ఉన్న మొక్క పక్కన పుల్ల గుచ్చి, దీని ఫస్ట్ కాయ విత్తనానికి అంది. మొదటి కాయ కూరకే అన్నాను నేను. ఇంకా ఒప్పుకోలేదు.