పనస చెక్క కోసం గొల్లపల్లి దాకా

తెనాలి దగ్గర మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు అందరూ బీరువాలు, పడక్కుర్చీలు పంచుకున్నారు. నేను ద్వారబంధం అడిగాను. బాబాయి నవ్వి, ఒక నిలువు కమ్మీ మాత్రం కోయించి లారీ సర్వీసులో హైదరాబాదు పంపించాడు. అది బర్మా టేకని తాతగారు చెప్పుకునేవారు. అవునో కాదో గానీ, చిత్రిక పట్టినప్పుడు పైపొర పొట్టులోంచి పసుపు వాసన వచ్చింది. మూడు తరాల పండగల పసుపు. ఆ కమ్మీయే నా రెండో ఎలక్ట్రిక్ గిటారుకి మెడ అయింది.

పని జరిగేది కూకట్‌పల్లిలో మా మూడో అంతస్తు బాల్కనీలో. పాత డైనింగ్ టేబులు, దాని అంచుకి బిగించిన బెంచివైసు, రెండు రంపాలు, నాలుగు ఆకురాళ్లు, అంతే సరంజామా. ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకానే చప్పుడు చెయ్యాలని కింది ఇంటివాళ్లతో ఒప్పందం. ఈ పిచ్చి నాకు మాత్రమే ఉందనుకోకండి. క్వీన్ బ్యాండు గిటారిస్టు బ్రయన్ మే తన గిటారును 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టాడు. కొనే స్తోమత లేక. పాత ఇంటి చలిమంట గూటి మీద ఉండే బల్లచెక్కని మెడగా చెక్కుకున్నాడు. పురుగులు తొలిచిన బొక్కల్లో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చాడు, మెడ మీద అడ్డంగా ఉండే మెట్ల (ఫ్రెట్ల) గుర్తులకి వాళ్లమ్మ కుట్టుపెట్టెలోంచి ముత్యపుచిప్ప గుండీలు తీసుకున్నాడు. రెండేళ్లు పట్టింది. తర్వాత దాన్నే పట్టుకుని ప్రపంచమంతా తిరిగాడు. ద్వారబంధం అడిగే ధైర్యం నాకు వచ్చింది ఈ కథ నుంచే.

ధైర్యం సరే, నా గిటారు సరిగ్గా పలకలేదు. విడి తీగలు బాగానే ఉన్నాయి. మెడ మధ్యకి వచ్చేసరికి స్వరం దిగిపోతోంది. తీగ ఆనే గుర్రాన్ని ముందుకి జరిపితే పన్నెండో మెట్టు కుదురుతుంది, అయిదో మెట్టు చెడుతుంది. రెండు నెలలు దానితో కుస్తీ పట్టి, విసుగొచ్చి పక్కన పెట్టేశాను. ఈలోపు గిటారు ఒంటికి చెక్క వెతకాలి. మెడని అప్పటికి ప్లైవుడ్ లాంటి ఒక బ్లాక్‌బోర్డు ముక్కకి నాలుగు మరలతో బిగించి ఉంచాను. అమెరికాలో వాడే ఆల్డర్, యాష్ చెక్కలు ఇక్కడ తెప్పించుకుంటే చెక్క కన్నా రవాణాయే ఎక్కువ. ఇంట్లో ఎవరో అన్నారు, వీణలకి పనస వాడతారు కదా, నీ దానికేం రోగం, అని. ఆ మాట పట్టుకునే బొబ్బిలి ప్రయాణం.

శుక్రవారం సాయంత్రం సికింద్రాబాదులో గోదావరి ఎక్కాను. గిటారుకి పెట్టె లేదు, దుప్పటిలో చుట్టి పై బెర్తు మీద పక్కన పడుకోబెట్టాను. ఎదురు బెర్తు పెద్దాయన ఖాజీపేట దాటేదాకా ఆగి, "ఏంటండీ అది, చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు?" అన్నాడు. చూపించాను. రంగు లేదు, నున్నదనం లేదు, వెనక బ్లాక్‌బోర్డు అంచు కనబడుతోంది. "ఇంకా ఉడకలేదన్నమాట" అని అటు తిరిగి పడుకున్నాడు.

విశాఖలో దిగి, ఆర్టీసీ కాంప్లెక్సులో ఇడ్లీ తిని బొబ్బిలి బస్సెక్కాను. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా మూడు గంటల పైచిలుకు. విజయనగరంలో బస్సు ఆగిన కాసేపూ సంగీత కళాశాల గుర్తొచ్చింది. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. దిగి చూడాలనిపించింది గానీ, దుప్పటి మూటతో మళ్లీ బస్సెక్కే ఓపిక లేదు. గజపతినగరం దాటాక తాటిచెట్ల వెనక కొండలు దగ్గరకొచ్చాయి. మా కోస్తావాళ్లకి కొండంటే ఉండవల్లి గుట్టే. వీటిని చూస్తూ కూర్చుంటే రామభద్రపురం మలుపు ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

బొబ్బిలి అంటే 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు. అవన్నీ బుర్రకథల్లో విన్నవే కాబట్టి కోటవైపు వెళ్లకుండా నేరుగా గొల్లపల్లి ఆటో ఎక్కాను. ఊరికి ఆనుకునే ఉంటుంది. బొబ్బిలి వీణ అని లోకం పిలిచేది ఇక్కడ సర్వసిద్ధి కుటుంబాలు చేసే వీణనే. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పేరు మోసిన ఊరు కదా, పెద్ద బోర్డులుంటాయని ఊహించుకున్నాను. వీధి మొదట్లో దారి చూపించింది బోర్డు కాదు, ఉలి మీద పడే చెక్కసుత్తి చప్పుడు.

నేను వెళ్లిన ఇంట్లో వసారాయే కార్ఖానా. గోడవార పనస దుంగలు నిలబెట్టి ఉన్నాయి. అరవై దాటిన పెద్దాయన నేలమీద కూర్చుని, రెండు పాదాల మధ్య వీణ కుండని బిగించి పట్టుకుని లోపలి చెక్క తొలుస్తున్నాడు. కుండ, దండి (వీణ మెడ), చివర యాళి ముఖం అన్నీ ఒకే దుంగలోంచి తీస్తే దాన్ని ఏకాండ వీణ అంటారు. అదే అక్కడ చేస్తున్నారు. ఆయన చుట్టూ పడిన చెక్కపేళ్లు మామిడిపండు రంగులో ఉన్నాయి. పనస కొత్తగా కోసినప్పుడు ఆ పసుపు కళ్లకి కొట్టొచ్చినట్టుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. అటకమీద ఆయన తండ్రి చేసిన వీణ ఒకటి చూపించారు, అదీ ఇదీ ఒకే చెట్టు జాతంటే నమ్మబుద్ధి కాలేదు. లోపలి గదిలో కోడలు బహుమతుల కోసం చేసే బుల్లి వీణలకి నగిషీ పని చేస్తోంది. ఇల్లు గడిచేది ఎక్కువగా వాటి మీదేనట.

దుప్పటి విప్పాను. పెద్దాయన గిటారుని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక తట్టి, "ఏటి బాబూ, దీనికి కుండేదీ?" అన్నాడు.

"కుండ ఉండదు గురువుగారూ, మొత్తం గట్టి చెక్కే."

"మరి నాదమెక్కణ్నుంచొస్తాదీ?"

తీగల కింద పికప్పు చూపించాను. ఆరు తీగల కింద ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని రాగి తీగ ఏడువేల అయిదొందల చుట్లు. ఉక్కు తీగ పైన ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది, అది స్పీకరు పెట్టెలోకి వెళ్లి మోగుతుంది. కుట్టుమిషను మోటారుతో నేనే చుట్టాను, రెండుసార్లు తెగింది. (1931లో అమెరికాలో జార్జ్ బోషాం తొలి పికప్పులకి బట్టలుతికే మిషను మోటారు వాడాడంటారు. ఎలక్ట్రిక్ గిటారు పుట్టిందే వంటింటి బల్లల మీద కాబట్టి నా బాల్కనీకి చిన్నతనమేం లేదు.) పెద్దాయన అంతా విని, "అయితే చెక్క దేనికి, ఇనప రేకు మీద కట్టుకోవచ్చు గదా" అన్నాడు. బోషాం చేసినదానికి అచ్చంగా అల్యూమినియమే పోత పోశారు, దాన్ని మూకుడు అని పిలిచేవారు కూడానని చెప్తే, కోడలు లోపల్నుంచి ఫక్కున నవ్వింది.

సంచిలో ఇంకో విడి పికప్పు ఉంది, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు పెట్టె ఉంది. తయారైన వీణ ఒకటి కిందికి దించి, ఆయన మీటుతుంటే నేను పికప్పుని తీగలకి పై నుంచి దగ్గరగా పట్టుకున్నాను. వాయించే నాలుగు తీగల్లో మొదటిది, సారణి, మీటాడు. ఆ చిన్న పెట్టెలోంచి వీణ నాదం వసారా అంతా నిండేసరికి పక్కింటి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. పంచమం మీటాడు, పలికింది. మంద్రం మీటాడు. ఏమీ లేదు. వీణలోంచి వినబడుతోంది, పెట్టె మూగగా ఉంది. పికప్పుని ఇంకా దగ్గరికి జరిపాను, అనుమంద్రానికి కూడా అంతే.

"పాడైపోనాదేటి?"

నేనూ అదే అనుకుని వైరు కదిపాను. తర్వాత బుర్రకి తట్టింది. సారణి, పంచమం ఉక్కు తీగలు. కింది రెండూ ఇత్తడివి. ఇత్తడికి అయస్కాంతం అంటదు, కాబట్టి ఎంత ఊగినా రాగి చుట్టకి తెలియదు. ఈ మాట ఎన్నిసార్లో చదివాను, చెవితో వినడం ఇదే మొదలు. పెద్దాయనకి మాత్రం నచ్చలేదు. "సగం వినీ సెవి, ఏం సెవి బాబూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు ఆయనే గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు, వీణలా అడ్డంగా. ఒకటో తీగ మీద మెట్టు మెట్టుకీ పైకి వెళ్లాడు, తొందర లేకుండా. ఏడో మెట్టు దగ్గర ఆగాడు. మళ్లీ వెనక్కొచ్చి వెళ్లాడు. "ఇక్కణ్నుంచి దిగిపోతంది. పైకెళ్లేకొద్దీ ఇంకా దిగిపోతంది. ఎలా కొలిసేవు?"

చెప్పాను. తీగ మొత్తం పొడవు 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం, సుమారు 36.4. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా 22 మెట్లు. పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి. నేను ఒక్కో దూరాన్ని అంతకు ముందు కోసిన గాడి నుంచి కొలిచి గీశాను. ఒక్కోసారి పావు మిల్లీమీటరు తగ్గినా, పన్నెండో మెట్టుకొచ్చేసరికి మూడు మిల్లీమీటర్లు. లెక్క గట్టిగా అప్పజెబుతుండగానే తప్పు నా నోట్లోంచే బయటపడింది. మొదటి నుంచీ అన్నీ ఒకే చోట నుంచి కొలవాలి. రెండు నెలలుగా గుర్రాన్ని తిట్టాను పాపం.

"మరి మీరెలా కొలుస్తారు?"

"కొలిసీదేటి, ఇని పెట్టీడమే."

ఆ మధ్యాహ్నం ఒక వీణకి మేళం కట్టడం, అంటే మెట్లు అమర్చడం ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. దండికి రెండు అంచుల వెంబడీ నల్లటి మైనం గట్టుల్లా పోసి ఉంటుంది. తేనెమైనంలో బొగ్గుపొడి లాంటివి కలిపి చేసుకుంటారు. ఆ రెండు గట్టుల మీద మెట్టు అడ్డంగా కూర్చుంటుంది. మొత్తం 24 మెట్లు. ఆయన సారణిని శ్రుతి చేసి, వేడి చేసిన కడ్డీతో మైనాన్ని కాస్త మెత్తబరిచి, మెట్టు పెట్టి, మీటాడు. తల అడ్డంగా ఊపాడు. గోటితో మెట్టుని తోశాడు, ఎంత తోశాడో నా కంటికి కనబడలేదు. మీటాడు. ఇంకోసారి తోశాడు. ఈసారి ఊరుకుని, మైనం గట్టిపడేదాకా వేలు తియ్యకుండా ఉన్నాడు. ఒక్క మెట్టుకి అయిదారు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ సేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, రేడియో కూడా ఆపేశారు.

గిటారులో పెద్ద తలనొప్పి ఒకటుంది. వేలితో నొక్కినప్పుడు తీగ కొంచెం సాగుతుంది, స్వరం కొంచెం ఎక్కుతుంది. లెక్క ప్రకారం కోసిన మెట్లకి ఈ సంగతి తెలియదు. అందుకని గుర్రం దగ్గర ఒక్కో తీగని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి సరిచేసుకుంటాం. ఆయన పద్ధతిలో ఆ తలనొప్పే లేదు. నొక్కి, విని, మెట్టు పెడుతున్నాడు కాబట్టి తీగ సాగడం కూడా ఆ స్థానంలోనే కలిసిపోయింది. మేం గుర్రాన్ని జరుపుతాం, వాళ్లు మెట్టుని జరుపుతారు. అయితే ఆ మైనం ఎండలకి మెత్తబడుతుంది, మెట్లు కదులుతాయి, కొన్నేళ్లకోసారి మళ్లీ కట్టించుకోవాలి. గిటారు మెట్టు ఒకసారి గాడిలో దిగ్గొట్టాక అరిగేదాకా అక్కడే. ఏది మేలని అడిగితే నాకు గిటారే. కూకట్‌పల్లిలో మేళం కట్టేవాళ్లని ఎక్కడ తేను?

చెక్క బేరం చాలా తొందరగా తేలిపోయింది. ఆయన పెరట్లోంచి నాలుగు పలకలు తీయించి, ఒక్కొక్కదాన్ని రెండు వేళ్లతో పై అంచున వేలాడదీసి, వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మూడు వెనక్కి పంపేశాడు, బాగా ఆరలేదని. నాలుగోది రెండు ముక్కలుగా కోయించి ఇచ్చాడు, కలిపి అతికిస్తే 45 మిల్లీమీటర్ల మందంలో గిటారు ఒళ్లు వస్తుంది. నాలుగు కిలోల దాకా తూగింది. డబ్బు తీసుకున్నాడు గానీ, నేను మెడని విప్పేసి కొత్త చెక్కతో ఇంకోటి చేస్తానంటే మాత్రం కోప్పడ్డాడు. "ఈ టేకు నీకు మళ్లీ దొరుకుతాదా? గాడి పూడ్సి పక్కన ఇంకోటి కొయ్యి."

తిరుగు బస్సులో కండక్టరు ఆ రెండు చెక్కలకీ లగేజీ టికెట్టు కొట్టాడు, గిటారుకి కొట్టలేదు.

తర్వాత మూడు ఆదివారాలు పట్టింది. వేడి పెట్టి మెట్లన్నీ పీకాను. అయిదో మెట్టు దాకా తేడా పట్టించుకోవలసినంత లేదు, వాటిని అలాగే తిరిగి దించాను. ఆరు నుంచి ఇరవై రెండు దాకా పాత గాడుల్లో పనస పేళ్లని రేకంత పల్చగా చెక్కి, జిగురుతో దూర్చి, ఆరాక ఆకురాయితో సమం చేశాను. కొత్త గాడులన్నీ ఒకే చోట నుంచి కొలిచి కోశాను. పన్నెండో మెట్టు ఇప్పుడు 324 దగ్గర ఉంది. దానికి మూడు మిల్లీమీటర్ల ఇవతల, ముదురు టేకులో, పచ్చటి గీత ఒకటి. మొన్న ఫోటో పంపితే కోడలు తిరిగి ఫోన్ చేసి, మామగారు అడగమన్నారంది, ఆ గీతలు అందానికి పెట్టేవా అని.