నిలవని పొటాషియం

బుధవారం రాత్రి, పెరంబూరు, చెన్నై

తెల్లవారుజామున నాలుగు గంటలకు నాన్నగారి పిక్క మళ్ళీ పట్టేసింది. పాదాన్ని పైకి వంచి పట్టుకుని కండ మీద చేయి వేస్తే చర్మం కింద గులకరాయిలా తగిలింది. అది సడలడానికి అయిదు నిమిషాలైనా పట్టి ఉంటుంది. ఆయన నెల్లూరు నుంచి వచ్చి వారమైంది. రక్తపోటుకు ఏళ్ళ తరబడి వేసుకుంటున్న థయజైడ్ మాత్ర వల్ల పొటాషియం 2.9కి దిగిందని తేలింది. అది 3.5కు తగ్గకూడదు. అయిదు రోజులుగా పూటకు 15 మిల్లీలీటర్ల పొటాషియం క్లోరైడ్ సిరప్‌ను గ్లాసెడు నీళ్ళలో కలిపి ఇస్తున్నాము. ఆ చేదుకూ ఉప్పదనానికీ ముఖం చిట్లించుకుంటూనే ఆయన ఒక్క పూట కూడా మానలేదు. నిన్నటి రిపోర్టులో 3.0 మాత్రమే ఉంది. "పోసింది పోసినట్టే పోతా ఉందే అబ్బాయ్," అన్నారు నాన్నగారు. ఆ మాట పగలంతా నన్ను వదలలేదు.

ఈ రోజు మొదటి సంవత్సరం విద్యార్థులకు నేను చెప్పవలసిన పాఠం కూడా మూత్రపిండం పొటాషియాన్ని ఎలా వదులుతుందన్నదే. వడపోతలో దిగిన పొటాషియంలో చాలా భాగాన్ని నాళిక, అంటే మూత్రం తయారయ్యే సన్నటి గొట్టం, మొదటి భాగమూ, దాని తరువాత వచ్చే హెన్లీ వంపూ కలిసి తిరిగి పీల్చుకుంటాయి. చివరికి మూత్రంలో ఎంత పోవాలన్నది ప్రధానంగా నాళిక చివరి భాగంలో, సంగ్రహణ నాళం గోడలోని ప్రిన్సిపల్ కణాల దగ్గర తేలుతుంది. అక్కడ సోడియం 'ఈనాక్' అనే ఛానెల్, అంటే కణం పైపొరలోని సన్నటి రంధ్రం, గుండా కణంలోకి వెళ్ళిపోతే నాళికలోపల రుణావేశం మిగులుతుంది. ఆ ఆవేశానికి ఆకర్షితమై పొటాషియం 'రామ్‌కే' ఛానెల్ గుండా బయటికి వస్తుంది. ఆల్డోస్టిరాన్ అనే హార్మోను ఈ రెండింటి జోరునూ పెంచుతుంది. ప్రవాహం వేగం పెరిగినప్పుడు తెరుచుకునే 'బీకే' అనే పెద్ద ఛానెల్ ఇంకొకటి ఉంది.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది దీనికి కాస్త ఎగువన, డిస్టల్ నాళికలో జరిగే పని. రక్తంలో పొటాషియం తగ్గిందన్న సంగతి అక్కడి కణాలకు 'కిర్ 4.1' ఛానెల్ ద్వారా తెలుస్తుంది: కణంలోపలి రుణావేశం పెరుగుతుంది, క్లోరైడ్ బయటికి పోతుంది, క్లోరైడ్ పట్టు వదిలిన 'వింక్' ఎంజైములు మేలుకొని సోడియం-క్లోరైడ్ వాహకాన్ని పనిలోకి దించుతాయి. సోడియాన్ని అక్కడే పీల్చేసుకుంటే దిగువకు చేరేది తగ్గుతుంది, దాంతో పొటాషియం మిగులుతుంది. థయజైడ్ మాత్ర ఆపేది సరిగ్గా ఆ వాహకాన్నే. అంటే పొటాషియం కొరవడినప్పుడు శరీరం పొదుపు చేయడానికి వాడుకునే ఆ దారినే ఆ మాత్ర మూసేస్తుంది.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, పొటాషియం అంత తక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండం రామ్‌కేనే మూసేయవచ్చు గదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. మూసేస్తుందనీ, పొటాషియం కొరత ఉన్నప్పుడు కణం ఆ ఛానెళ్ళను పైపొర నుంచి లోపలికి లాగేసుకుంటుందనీ చెప్పాను. మిగిలిన ఛానెళ్ళకు ఇంకో అడ్డు ఉందని, బోర్డు మీద ఛానెల్ రంధ్రం గీసి, దాని లోపలి వైపున సుద్దముక్కతో ఒక చుక్క పెట్టాను. ఆ చుక్క మెగ్నీషియం. కణంలోని మెగ్నీషియం లోపలి నుంచి ఆ రంధ్రానికి అడ్డుపడుతూ పొటాషియం బయటికి పోకుండా నిలబెడుతుంది. మెగ్నీషియం తగ్గితే ఆ అడ్డు తొలగుతుంది. దిగువకు సోడియం ఎక్కువగా చేరుతున్నప్పుడు ఈ నష్టం ఇంకా పెరుగుతుంది.

సుద్దముక్క పట్టుకున్న చేయి అక్కడే ఆగిపోయింది. నాన్నగారి రిపోర్టులలో మెగ్నీషియం ఎక్కడా లేదు. థయజైడ్ మూత్రంలో మెగ్నీషియాన్ని కూడా పోగొడుతుంది. పైగా ఆయన కడుపులో మంటకు నాలుగేళ్ళుగా ఒమెప్రజోల్ వేసుకుంటున్నారు. ఆ కోవ మందులు దీర్ఘకాలం వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2011లోనే హెచ్చరించింది. ఏటేటా ఇదే చుక్కను బోర్డు మీద పెట్టిన నేను ఇంట్లో ఈ రెండు మాత్రలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు. అందుకు నిజంగా బాధపడ్డాను. పాఠం పూర్తిచేసి, నడవాలోంచే ఇంటికి ఫోన్ చేసి, రక్తం ఇచ్చి రమ్మన్నాను.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది: మెగ్నీషియం 1.0. కనీసం 1.7 ఉండాలి. మా వీధి చివరి ఆసుపత్రిలో డాక్టరుగారు ఆ కాగితం చూసిన వెంటనే డ్రిప్‌లో మెగ్నీషియం సల్ఫేట్ పెట్టించారు. థయజైడ్ ఆపి, ఒమెప్రజోల్ బదులు ఫామోటిడిన్ రాశారు. సీసాలోంచి ఒక్కొక్క చుక్కే గొట్టంలోకి జారుతుంటే నాన్నగారు దాన్నే చూస్తూ, "ఇదైనా నిలుస్తుందా?" అని అడిగారు. ఇది నిలిస్తే అదీ నిలుస్తుందని చెప్పాను. కణాలలోపలి కొరత తీరడానికి కొన్ని రోజులు పడుతుందనీ, అందాకా సిరప్ తప్పదనీ కూడా చెప్పాను. దానికి మాత్రం ఆయన మళ్ళీ ముఖం చిట్లించారు.

తొమ్మిదిన్నరకు ఇంటికి వచ్చాము. ఆయన పెరుగన్నం తిని పడుకున్నారు. నేను పక్క గదిలో తలుపు తెరిచే పెట్టుకుని ఇది రాస్తున్నాను. శనివారం పొద్దున పొటాషియం, మెగ్నీషియం రెండూ కలిపి మళ్ళీ పరీక్ష చేయించాలి.